ఎల్‌డాప్ ప్రాక్సీలో పేరు సరిగ్గా మారట్లేదా? ఎక్కడ వెతకాలో చెబుతా

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడకముందు అది నెల్లూరులోనే ఉండేది కాబట్టి అక్కడి పెద్దవాళ్లు పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోయింది మా సర్వర్లే. నేను పనిచేసే విద్యాసంస్థకి నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలులో కాలేజీలున్నాయి. జిల్లా మారాక కందుకూరు క్యాంపస్‌ని ఒంగోలు ఆఫీసు కింద నుంచి తీసి నెల్లూరు కింద పెట్టారు. అక్కడి స్టాఫ్, విద్యార్థుల అకౌంట్లన్నీ నెల్లూరు యాక్టివ్ డైరెక్టరీలోకి (యూజర్ల పేర్లు, పాస్‌వర్డ్‌లు చూసుకునే మైక్రోసాఫ్ట్ సర్వర్) తరలించాం. లైబ్రరీ సాఫ్ట్‌వేర్ మాత్రం ఇప్పటికీ పాత ఒంగోలు డైరెక్టరీ పేరుతోనే అడుగుతుంది. ఆ పేరు దాని కోడ్‌లోనే రాసి ఉంది, రాసినవాళ్లు ఫోనెత్తరు.

అందుకని మధ్యలో ఓపెన్‌ఎల్‌డాప్ ప్రాక్సీ ఒకటి పెట్టాం. ఎల్‌డాప్ అంటే ఇలాంటి డైరెక్టరీలని అడిగే పద్ధతి, ప్రాక్సీ అంటే మధ్యవర్తి సర్వర్. అడిగినదాన్ని వెనక సర్వర్‌కి పంపే బ్యాక్-ఎల్‌డాప్ డేటాబేస్, దాని మీద పేర్లు మార్చే ఆర్‌డబ్ల్యూఎం ఓవర్‌లే (అదనపు పొర). లైబ్రరీ వాళ్ల సాఫ్ట్‌వేర్ "డీసీ=ఒంగోలు,డీసీ=లాన్" అని అడిగితే ప్రాక్సీ దాన్ని "డీసీ=నెల్లూరు,డీసీ=లాన్" చేసి వెనక సర్వర్‌కి పంపాలి. జవాబు వచ్చేటప్పుడు మళ్లీ పాత పేరు తొడిగి ఇవ్వాలి. ఈ రెండో సగం గుర్తుపెట్టుకోండి, గొడవలు ఎక్కువగా అక్కడే ఉంటాయి.

ఒక చిన్న మాట. కమాండ్లు, డైరెక్టరీ పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. కీబోర్డు మీద మాత్రం ఎప్పటిలాగే ఇంగ్లిష్ అక్షరాలు కొట్టాలి.

ముందు ప్రాక్సీని పక్కన పెట్టండి

"ఏందన్నా, మళ్లీ రాంగ్ పాస్‌వర్డ్ అంటుండాది" అని కందుకూరు ల్యాబ్ నుంచి ఫోన్ వస్తే చాలామంది నేరుగా కాన్ఫిగ్ ఫైలు తెరిచి పేరు మార్చే రూలు కెలకడం మొదలుపెడతారు. వద్దు. ముందు ఎల్‌డాప్‌సెర్చ్ కమాండ్‌తో వెనక సర్వర్‌నే నేరుగా అడగండి, అసలు పేరుతో, అదే యూజర్‌గా బైండ్ (అంటే లాగిన్) అయ్యి. అక్కడ జవాబు రాకపోతే అది రీరైట్ (పేరు మార్పు) సమస్యే కాదు. వస్తే, అదే ప్రశ్న ప్రాక్సీని పాత పేరుతో అడగండి. ఈ రెండింటి మధ్య తేడానే మనం వెతకాల్సింది.

దీనికి ఒక టెస్ట్ అకౌంట్ విడిగా పెట్టుకోండి. నిజమైన లెక్చరర్ అకౌంట్‌తో తప్పు పాస్‌వర్డ్‌లు కొడుతూ కూర్చుంటే యాక్టివ్ డైరెక్టరీ దాన్ని లాక్ చేస్తుంది. అప్పుడు మీకు రెండు సమస్యలు, వాటిలో ఒకటి స్టాఫ్‌రూమ్ నుంచి నడిచొస్తుంది.

యాక్టివ్ డైరెక్టరీ మామూలుగా బైండ్ కాకుండా వెతకనివ్వదు. బైండ్ లేకుండా అడిగితే ఎర్రర్ 1 ఇచ్చి, ముందు బైండ్ పూర్తి చేయమంటుంది. ప్రాక్సీ ద్వారా ఇదే ఎర్రర్ వస్తే రూళ్ల జోలికి వెళ్లకుండా, ప్రాక్సీ తను ఏ అకౌంట్‌తో బైండ్ అవ్వాలో చెప్పే ఐడీ-అసర్ట్-బైండ్ లైను చూడండి. అందులో రాసే బైండ్ డీఎన్ (డీఎన్ అంటే డైరెక్టరీలో ఒక ఎంట్రీ పూర్తి పేరు) వెనక సర్వర్‌లో ఉన్న అసలు పేరే అయి ఉండాలి. అది రీరైట్ అవుతుందనుకుని పాత పేరు రాస్తే పని జరగదు.

ఎర్రర్ నంబరే సగం దారి చూపిస్తుంది

32 అంటే ఆ పేరుతో ఏమీ లేదని. వెనక సర్వర్‌కి నేరుగా వెళ్తే దొరికి, ప్రాక్సీ ద్వారా 32 వస్తోందంటే పేరు మారకుండానో, తప్పుగా మారో వెళ్తోంది. లేదంటే డేటాబేస్ కింద సఫిక్స్ లైనులో (ఏ తోక ఉన్న పేర్లని ఆ డేటాబేస్ చూసుకోవాలో చెప్పేది) అసలు పేరు రాశారు. సఫిక్స్ దగ్గర ఉండాల్సింది క్లయింటు అడిగే పేరు, అంటే మా విషయంలో ఒంగోలు. 32తో పాటు మ్యాచ్డ్ డీఎన్ అని ఒక పేరు వస్తే వదలకండి. చెట్టులో ఎక్కడిదాకా పేరు సరిపోయిందో అది చెబుతుంది.

53 రెండు చోట్ల నుంచి రావచ్చు. రూలు చివర హ్యాష్ గుర్తు ఫ్లాగ్ ఉంటే, ఆ రూలు మ్యాచ్ అయినప్పుడు పనిని ఆపేసి 53 ఇస్తుంది. అది కావాలని పెట్టే కాపలా. అదికాక, మార్పులు రాయబోతే "గ్లోబల్ సుపీరియర్ నాలెడ్జ్ లేదు" అనే వాక్యంతో 53 వస్తే, ఆ పేరును చూసుకునే డేటాబేస్ ఏదీ ప్రాక్సీలో లేదని అర్థం. నంబరొక్కటే చూసి ఊరుకోకుండా పక్కనున్న వాక్యం కూడా చదవండి.

34 అంటే రీరైట్ అయ్యాక మిగిలింది డీఎన్‌లా లేదని. ఎక్కువసార్లు కామా ఒకటి పోవడమో, రెండు కామాలు పక్కపక్కన పడటమో.

49 మాత్రం తీరిగ్గా చూడాలి. వెనక సర్వర్‌కి నేరుగా బైండ్ చేసినప్పుడు 49 వస్తే యాక్టివ్ డైరెక్టరీ ఎర్రర్ వాక్యంలో డేటా అని ఒక కోడ్ ఉంటుంది. 52ఇ అయితే పాస్‌వర్డ్ తప్పు, 525 అయితే యూజర్ దొరకలేదు, 533 అయితే అకౌంట్ డిజేబుల్ అయింది, 775 అయితే లాక్ అయింది. ప్రాక్సీ దగ్గర వచ్చే 49 వేరే కారణంతోనూ రావచ్చు. బైండ్ కోసం వచ్చిన పేరు తన డేటాబేస్‌ల దేని కిందా లేకపోతే, స్లాప్‌డీ (ఓపెన్‌ఎల్‌డాప్ సర్వర్ ప్రోగ్రామ్) వెనక్కి ఎవరినీ అడక్కుండా తనే 49 అనేస్తుంది. యూజర్‌కి కనిపించేది ఒకటే మాట, పాస్‌వర్డ్ తప్పని. పాస్‌వర్డ్ రీసెట్ చేసి పంపుతారు, మళ్లీ అదే. ఇది ఎందుకొస్తుందో కింద వివరంగా చెబుతా.

ఇక ఎర్రర్ 0, ఎంట్రీలు 0. అన్నిటికంటే విసుగు పుట్టించేది ఇదే. దీనికీ కింద చోటుంది.

లాగ్‌లో ఏ లైను చదవాలి

స్లాప్‌డీ సర్వీసును ఆపి, అదే కాన్ఫిగ్‌తో చేత్తో నడపండి, -డీ 5 అని ఇచ్చి. 1 అంటే ట్రేస్, 4 అంటే ఆర్గ్యుమెంట్లు, రెండూ కలిపితే 5. పని వేళల్లో ఆపలేకపోతే వేరే పోర్టు మీద రెండో కాపీ నడుపుకోండి. మైనస్ 1 ఇచ్చి అన్నీ చూద్దామనుకోకండి. ప్యాకెట్ల బొమ్మంతా లాగ్‌లో పడుతుంది, మామూలు బైండ్‌లో పాస్‌వర్డ్ కూడా కంటికి కనపడుతుంది. ఆ ఫైలు ఎవరికో వాట్సాప్ చేస్తే ఇంకేముంది.

5తో నడిపితే ప్రతి రీరైట్‌కీ ఇలాంటి లైను ఒకటి వస్తుంది:

[ఆర్‌డబ్ల్యూ] సెర్చ్‌డీఎన్: "ఓయూ=కందుకూరు,డీసీ=ఒంగోలు,డీసీ=లాన్" -> "ఓయూ=కందుకూరు,డీసీ=నెల్లూరు,డీసీ=లాన్"

ఎడమవైపు వచ్చిన పేరు, కుడివైపు మారిన పేరు. ఓయూ అంటే డైరెక్టరీలో ఒక విభాగం. ముందున్నది కాంటెక్స్ట్, అంటే ఏ పని కోసం ఈ మార్పు జరిగిందో. దీని పైన రీరైట్ కాంటెక్స్ట్ అప్లై, రీరైట్ రూల్ అప్లై అనే లైన్లుంటాయి. ఏ రూలు ఏ పేరు మీద ఎన్నో పాస్‌లో (విడతలో) నడిచిందో వాటిలో ఉంటుంది. చివర రెజల్ట్ బ్రాకెట్లో మొదటి అంకె 0 అయితే సవ్యం, వేరే అంకె అయితే రీరైట్ మామూలుగా పూర్తి కాలేదని.

నేను ఒక నోట్‌బుక్‌లో మూడే పేర్లు రాసుకుంటాను. క్లయింటు పంపింది, ప్రాక్సీ వెనక్కి పంపింది, ప్రాక్సీ క్లయింటుకి తిరిగిచ్చింది. ఈ మూడూ కాగితం మీదకి రాకుండా రూలు మార్చకూడదని మా జూనియర్లకి గట్టిగా చెప్పాను. మూడోది చాలామంది రాసుకోరు.

వెతకడం బాగుంది, లాగిన్ లేదు

చాలా అప్లికేషన్లు లాగిన్‌ని రెండు మెట్లలో చేస్తాయి. మొదట సర్వీస్ అకౌంట్‌తో బైండ్ అయ్యి, రోల్ నంబర్ ఇచ్చి వెతికి, ఆ మనిషి డీఎన్ తెచ్చుకుంటాయి. తర్వాత ఆ డీఎన్‌తో, యూజర్ ఇచ్చిన పాస్‌వర్డ్‌తో మళ్లీ బైండ్ అవుతాయి.

ఇప్పుడు రూలు ఇలా ఉందనుకోండి:

ఆర్‌డబ్ల్యూఎం-రీరైట్‌కాంటెక్స్ట్ డిఫాల్ట్
ఆర్‌డబ్ల్యూఎం-రీరైట్‌రూల్ "(.+,)?డీసీ=ఒంగోలు,డీసీ=లాన్$" "$1డీసీ=నెల్లూరు,డీసీ=లాన్" ":"

వెళ్లేటప్పుడు ఒంగోలు నెల్లూరైంది. ఎంట్రీ దొరికింది. వచ్చేటప్పుడు ఎంట్రీ పేరు కోసం సెర్చ్‌ఎంట్రీడీఎన్ అనే కాంటెక్స్ట్ ఉంటుంది. మనం దాన్ని రాయలేదు, ఉన్న ఒక్క రూలేమో వెళ్లేదారి కోసం రాసింది. వచ్చిన పేరు నెల్లూరుతో ముగుస్తుంది, రూలు ఒంగోలు కోసం చూస్తుంది. మ్యాచ్ కాదు, పేరు ఉన్నదున్నట్టు క్లయింటుకి వెళ్తుంది. క్లయింటు ఆ నెల్లూరు పేరుతోనే బైండ్ అడుగుతుంది. ప్రాక్సీలో నెల్లూరు సఫిక్స్ లేదు. 49.

లాగ్‌లో దీని గుర్తు స్పష్టంగా ఉంటుంది. రెండో బైండ్ వచ్చినప్పుడు [ఆర్‌డబ్ల్యూ] బైండ్‌డీఎన్ అనే లైనే పడదు, ఎందుకంటే ఆ పని ఓవర్‌లే దాకా చేరలేదు. డొమైన్ కంట్రోలర్ సెక్యూరిటీ లాగ్‌లో కూడా తప్పిన లాగిన్ జాడ ఉండదు.

మందు ఏంటంటే, తిరుగుదారికి కూడా రూలు రాయడమే:

ఆర్‌డబ్ల్యూఎం-రీరైట్‌కాంటెక్స్ట్ సెర్చ్‌ఎంట్రీడీఎన్
ఆర్‌డబ్ల్యూఎం-రీరైట్‌రూల్ "(.+,)?డీసీ=నెల్లూరు,డీసీ=లాన్$" "$1డీసీ=ఒంగోలు,డీసీ=లాన్" ":"
ఆర్‌డబ్ల్యూఎం-రీరైట్‌కాంటెక్స్ట్ సెర్చ్‌అట్రిబ్యూట్‌డీఎన్ అలియాస్ సెర్చ్‌ఎంట్రీడీఎన్
ఆర్‌డబ్ల్యూఎం-రీరైట్‌కాంటెక్స్ట్ మ్యాచ్డ్‌డీఎన్ అలియాస్ సెర్చ్‌ఎంట్రీడీఎన్

రెండో కాంటెక్స్ట్ పేరు కాన్ఫిగ్‌లో ఇంత పొడుగ్గా ఉండదు, అట్రిబ్యూట్ అనేది నాలుగక్షరాల పొట్టి రూపంలో ఉంటుంది. మాన్ పేజీ చూసి ఉన్నదున్నట్టు కొట్టండి.

నిజానికి మీకు కావాల్సింది పేరు తోక మార్చడం ఒక్కటే అయితే ఇదంతా చేత్తో రాయక్కర్లేదు. ఆర్‌డబ్ల్యూఎం-సఫిక్స్‌మసాజ్ అని ఒక్క లైను ఉంది. ముందు క్లయింటు పేరు, తర్వాత అసలు పేరు ఇస్తే రెండు దారుల రూళ్లూ అదే పెట్టుకుంటుంది. నా మాట వింటే ముందు దాంతోనే మొదలుపెట్టండి, అది సరిపోనప్పుడే రెజెక్స్ (పై రూళ్లలో రాసినలాంటి నమూనా) దాకా రండి. రెజెక్స్ రాస్తే పెద్ద పని చేసినట్టుంటుంది, నిజమే. ఆరు నెలల తర్వాత దాన్ని చదవాల్సింది కూడా మనమే.

ఇక్కడే ఇంకో మలుపు. బైండ్‌డీఎన్ అని విడిగా ఒక కాంటెక్స్ట్ తెరిచి, మెయిల్ ఐడీతో లాగిన్ అయ్యే రూలు ఒకటి పెట్టారనుకోండి. ఆ క్షణం నుంచి బైండ్‌లకి డిఫాల్ట్ కాంటెక్స్ట్ వర్తించదు, విడిగా రాసింది దాన్ని పక్కకి నెట్టేస్తుంది. మెయిల్‌తో వచ్చేవాళ్లు లోపలికి పోతారు, మామూలు డీఎన్‌తో వచ్చేవాళ్లు బయట నిలబడతారు. తోక మార్చే రూలు బైండ్‌డీఎన్ కింద కూడా మళ్లీ రాయాలి.

రూలు మ్యాచ్ అవుతోంది, ఫలితం వింతగా ఉంది

సెడ్ (టెక్స్ట్ మార్చే కమాండ్) అలవాటున్నవాళ్లు ఇక్కడ తడబడతారు. సెడ్‌లో మ్యాచ్ అయిన ముక్క మాత్రమే మారుతుంది, మిగతాది అలాగే ఉంటుంది. ఇక్కడ అలా కాదు. మ్యాచ్ అయితే మొత్తం పేరు స్థానంలో మీరు కుడివైపు రాసింది వచ్చి కూర్చుంటుంది. అందుకే ముందున్న భాగాన్ని (.+,)? లాంటి బ్రాకెట్లో పట్టుకుని $1తో మళ్లీ పెట్టాలి. బ్రాకెట్ మర్చిపోతే ఏ విద్యార్థి కోసం అడిగినా బేస్ ఒక్కటే వెళ్తుంది. పాత కాన్ఫిగ్‌లలో డాలర్ బదులు శాతం గుర్తు కనిపిస్తుంది, కంగారు పడకండి, పని అదే.

చివర డాలర్ లేకపోతే రూలు పేరు మధ్యలో కూడా అంటుకుంటుంది. అలాగే ".*" కంటే "(.+,)?" మేలు. కామా దగ్గర ఆగమని చెప్పినట్టవుతుంది, లేదంటే సగం పదం మీద కూడా మ్యాచ్ అవుతుంది.

రూళ్లు మామూలుగా మళ్లీ మళ్లీ నడుస్తాయి, మ్యాచ్ అవుతున్నంతకాలం. ఆపేది చివరి కోలన్ ఫ్లాగ్, ఒక్కసారే నడవమని. "డీసీ=లాన్"ని "డీసీ=నెల్లూరు,డీసీ=లాన్" చేసే రూలుకి కోలన్ లేకపోతే, వచ్చిన ఫలితం కూడా డీసీ=లాన్‌తోనే ముగుస్తుంది కాబట్టి మళ్లీ మ్యాచ్, మళ్లీ నెల్లూరు. లాగ్‌లో నెల్లూరు, నెల్లూరు, నెల్లూరు అని రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్‌లా పొడుగవుతుంది, పాస్‌ల అంకె పెరుగుతుంది. పరిమితి మామూలుగా 100 పాస్‌లు. ఎట్ గుర్తు ఫ్లాగ్ ఇంకోలాంటిది, ఈ రూలు మ్యాచ్ అయితే తర్వాతి రూళ్లకి వెళ్లొద్దని. రెండూ కలిపి కూడా వాడొచ్చు.

పేరులో ఖాళీల విషయం. క్లయింటు కామా తర్వాత ఖాళీ పెట్టి పంపినా, స్లాప్‌డీ డీఎన్‌ని తన పద్ధతిలోకి సర్ది ఖాళీ తీసేశాకే రూలు దగ్గరికి వస్తుంది. రూల్లో ఖాళీ రాసుంటే ఎప్పటికీ మ్యాచ్ కాదు. ఇదే కారణంతో, ఇంటిపేరు తర్వాత కామా పెట్టి రాసిన పేర్లు కూడా వేధిస్తాయి. యాక్టివ్ డైరెక్టరీ దాన్ని బ్యాక్‌స్లాష్, కామాగా చూపిస్తుంది, ఓపెన్‌ఎల్‌డాప్ లోపల అది బ్యాక్‌స్లాష్ 2సీ. మన వైపు రెడ్ల పేర్లు ఇంటిపేరుతో తిరగేసి, మధ్యలో కామాతో ఎక్కించిన ఎక్సెల్ షీట్లు ఎన్నో ఉన్నాయి, కాబట్టి ఒకసారి పరీక్షించండి.

ఎల్‌డాప్‌సెర్చ్ ఫలితంలో డీఎన్ పక్కన రెండు కోలన్‌లు పడి, అర్థంకాని అక్షరాలు కనిపిస్తే రీరైట్ పాడైందనుకోకండి. పేరులో తెలుగు అక్షరాలున్నాయి, వాటిని బేస్64లో చూపిస్తోంది అంతే.

ఎర్రర్ లేదు, మనుషులూ లేరు

ఫలితం 0, ఎంట్రీలు 0 అయితే ఫిల్టర్ (వెతికే షరతు) చూడండి. లాగ్ స్థాయిని 256కి పెడితే ప్రతి సెర్చ్‌కీ ఫిల్టర్ పడుతుంది. అందులో అట్రిబ్యూట్ (ఎంట్రీలోని ఒక్కో వివరం) పేరు ముందు ప్రశ్నార్థకం ఉందా? "(?శామ్‌అకౌంట్‌నేమ్=...)" అని కనిపిస్తే ప్రాక్సీకి ఆ అట్రిబ్యూట్ తెలియదని అర్థం. యాక్టివ్ డైరెక్టరీ అట్రిబ్యూట్లు చాలావాటికి ఓపెన్‌ఎల్‌డాప్ స్కీమాలో (దానికి తెలిసిన అట్రిబ్యూట్ల జాబితా) చోటు ఉండదు. తెలియని అట్రిబ్యూట్‌తో అడిగితే ఎవరూ దొరకరు, ఎర్రర్ కూడా రాదు. ఆ అట్రిబ్యూట్ల నిర్వచనాలు స్కీమాలో చేర్చండి, లేదా ఆర్‌డబ్ల్యూఎం-మ్యాప్‌తో యూఐడీని దానికి జతచేయండి. జత చేసినా రెండు వైపుల పేర్లూ స్కీమాలో ఉంటేనే మంచిది.

గ్రూపులదీ ఇదే కథ. మెంబర్, మెంబర్‌ఆఫ్ లాంటి వాటి విలువలు కూడా డీఎన్‌లే కాబట్టి అవీ మారాలి. కానీ ప్రాక్సీ స్కీమాలో ఆ అట్రిబ్యూట్ డీఎన్ సింటాక్స్‌తో ఉంటేనే ఓవర్‌లే దాన్ని ముట్టుకుంటుంది. లేకపోతే ఎంట్రీ పేరు ఒంగోలు అని, దాని గ్రూపు నెల్లూరు అని వస్తుంది. లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఆ గ్రూపును గుర్తుపట్టదు. లెక్చరర్‌కి విద్యార్థి హక్కులే దక్కుతాయి, పుస్తకాల పరిమితి దగ్గర గొడవ మొదలవుతుంది.

సెర్చ్ ఆగిపోయినట్టు నిమిషాలు పడితే, బేస్ డొమైన్ మూలంలో ఉందేమో చూడండి. అక్కడ వెతికితే యాక్టివ్ డైరెక్టరీ రెఫరల్స్ (ఫలానా సర్వర్‌ని కూడా అడగమనే సూచనలు) కూడా ఇస్తుంది, ప్రాక్సీ వాటి వెంట పరుగెడుతుంది, డీఎన్ఎస్‌లో ఆ పేర్లు లేకపోతే టైమవుట్ దాకా కూర్చుంటుంది. చేజ్-రెఫరల్స్ నో అని పెట్టండి, లేదా బేస్‌ని కందుకూరు ఓయూకి దించండి.

రూలు రాశాను, చదవనే లేదు

స్లాప్‌డీ కాన్ఫ్ ఫైల్లో ఖాళీతో మొదలైన లైను పై లైనుకి కొనసాగింపు. చూడ్డానికి బాగుంటుందని రూళ్లని లోపలికి జరిపితే అవన్నీ పై లైనుకి అతుక్కుపోతాయి. పై లైను కామెంట్ అయితే మీ రూలు కూడా కామెంటే, ఒక్క హెచ్చరిక కూడా రాదు.

సీఎన్=కాన్ఫిగ్ (సెట్టింగులని ఆ ఫైల్లో కాక డైరెక్టరీలోనే ఉంచే పద్ధతి) వాడేవాళ్లకి ఇంకో చిక్కు. అక్కడ రూళ్లు వరస అంకెలతో ఉంటాయి. ఎల్‌డాప్‌మాడిఫైతో కొత్త రూలు చేరిస్తే చివరికి పోతుంది, అంటే చివర తెరిచిన కాంటెక్స్ట్‌లోకి. డిఫాల్ట్ కోసం రాసిన రూలు మ్యాచ్డ్‌డీఎన్ కింద పడుకుని ఉంటుంది. వరస అంకె ఇచ్చి చేర్చండి, లేదా మొత్తం జాబితాని ఒకేసారి మార్చేయండి. షెల్‌లో హియర్-డాక్ ద్వారా ఎల్‌డిఫ్ (మార్పులు రాసే టెక్స్ట్) పంపుతుంటే ముగింపు పదానికి కోట్స్ పెట్టండి, లేకపోతే $1ని షెల్ మింగేస్తుంది, రూలు కుడివైపు సగం ఖాళీగా ఎక్కుతుంది. ఎక్కించాక ఒకసారి తిరిగి చదివి చూసుకోండి.

రూళ్లని సర్వర్ లేకుండా పరీక్షించే చిన్న ప్రోగ్రామ్ ఓపెన్‌ఎల్‌డాప్ సోర్స్‌లోనే ఉంది, లిబ్‌రీరైట్ ఫోల్డర్లో, పేరు రీరైట్. ప్యాకేజీలతో పాటు రాదు, సోర్స్ కంపైల్ చేస్తే దొరుకుతుంది. -ఎఫ్ అని రూళ్ల ఫైలు, -ఆర్ అని కాంటెక్స్ట్ పేరు, చివర పరీక్షించాల్సిన డీఎన్ ఇవ్వాలి. ఫైల్లో ఆర్‌డబ్ల్యూఎం అనే ముందుమాట తీసేసి రీరైట్‌ఇంజిన్, రీరైట్‌కాంటెక్స్ట్, రీరైట్‌రూల్ అని రాయాలి. నేను ఒక ఫైల్లో పరీక్షించాల్సిన డీఎన్‌లు పెట్టుకున్నాను. ఒట్టి సఫిక్స్, కందుకూరు విద్యార్థి, కామా ఉన్న పేరు, తెలుగు పేరు, అసలు సంబంధంలేని కావలి డీఎన్. ఈ చివరిది మారకుండా బయటికి రావాలి. రూలు మార్చిన ప్రతిసారీ అన్నీ నడిపి, వెళ్లే కాంటెక్స్ట్ ఫలితాన్ని వచ్చే కాంటెక్స్ట్‌కి ఇచ్చి, మొదట ఇచ్చిన పేరే తిరిగొస్తుందో లేదో చూస్తాను. ఆ తర్వాతే కాన్ఫిగ్ సరిచూసే స్లాప్‌టెస్ట్ నడిపి, సర్వీసు రీస్టార్ట్ చేసి, కందుకూరు ల్యాబ్‌కి ఫోన్ చేస్తాను.